చెవిలో పడని మైల

కాట్పాడి స్టేషన్లో పెద్దమేస్త్రి పెరియస్వామి తన పెట్టె దించుకుని, రాయవేలూరు బస్సు పట్టుకోవడానికి పోతూ పోతూ సురేంద్రన్‌ని పక్కకి లాగాడు. "ఇంక భారం నీదేనప్పా. అల్లుడివి నువ్వు. గుడియాత్తం చేరేలోపల చెప్పెయ్" అన్నాడు. జవాబు కోసం నిలబడకుండా మెట్లెక్కి పోయాడు. ఎంత సుళువుగా పోయాడో చూడండి! తన నెత్తి మీది బండని పక్కవాడి నెత్తికి మార్చినవాడు అట్లాగే పోతాడు మరి.

చెప్పాల్సిన మాట చిన్నదే. జోలార్పేట ప్యాసింజర్లో కిటికీ పక్కన కూర్చుని వేరుశనక్కాయలు వలుచుకుంటున్న పాపన్‌కి తల్లి లేదు. పంకజమ్మ పోయి రెండు నెలలు కావస్తోంది. ఆ సంగతి గుడియాత్తంలో పిల్లికీ కుక్కకీ కూడా తెలుసు. సముద్రాల అవతల ఆక్లాండులో గుడి పనికి పోయిన మేస్త్రీలందరికీ తెలుసు. కన్నకొడుకు ఒక్కడికే తెలియదు.

సురేంద్రన్, పాపన్ అక్క జయకి మొగుడు. బావా బామ్మర్దులిద్దరూ గోపురాల మీద సిమెంటుతో దేవుడి బొమ్మలు చేసే మేస్త్రీలు. సురేంద్రన్ చెయ్యి మెడ వరకే. కాళ్ళు, చేతులు, నగలు, వాహనాలు అతనివి. ముఖం మాత్రం పాపన్ చెయ్యాల్సిందే. పాపన్‌కి ముప్పై దాటినా పెళ్ళి కాలేదు. వచ్చిన ప్రతి సంబంధానికీ పంకజమ్మ ఏదో ఒక వంక పెట్టేది. ఒక పిల్ల నవ్వితే పళ్ళు ఎత్తంది, ఇంకో పిల్ల నవ్వకపోతే పొగరంది. కొడుకు ఆ వంకలన్నీ విని నవ్వుకుంటూ, తల్లి చేతి సంగటి తింటూ హాయిగా ఉండేవాడు. విమానం ఎక్కడానికి బయలుదేరిన రోజు ఆమె వీధిలో నలుగురూ చూస్తుండగా కొడుకు తల నిమిరి, "నువ్వు వచ్చేదాకా నేను యాడికీ పోనులే నాయనా. నాకు కొరివి పెట్టాల్సింది నువ్వే గదా" అంది. ఆ మాట సురేంద్రన్ పక్కనే నిలబడి విన్నాడు. వినకపోయుంటే బాగుండేది.

దేశంలో సందుకొక ఎస్టీడీ బూతు వెలిసిన కాలం అది. గుడియాత్తం బజారులో జయరామన్ కూడా తన పప్పుబియ్యం అంగడికి పసుప్పచ్చ బోర్డు తగిలించి ఫోను పెట్టాడు. జయ అక్కడినుంచే చేసింది. ఆక్లాండులో గుడి కమిటీ లెక్కలు చూసే బాలచంద్రన్ ఇంటికి వచ్చింది ఆ ఫోను. మొగుణ్ణి పిలిపించి, "ఏమయ్యా, అమ్మ పొద్దున లేవలేదు. మనోడికి ఎట్ల చెప్తావో నువ్వే చెప్పల్ల" అని ఏడ్చింది.

సురేంద్రన్ ఆ మాట తీసుకుని నేరుగా పాపన్ దగ్గరికి పోయి ఉంటే ఈ కథే లేదు. పెద్దమేస్త్రి దగ్గరికి పోయాడు.

పెద్దమేస్త్రి గడ్డం గోక్కున్నాడు. ఎల్లుండి తెల్లవారితే గోపురం మీది అమ్మవారికి కన్ను తెరవాలి. బొమ్మ ఎంత పూర్తయినా కన్ను తెరిచేదాకా అది సిమెంటే. తెరిచాక దేవత. ఆ కన్ను తెరిచే చెయ్యి పాపన్‌ది.

"తల్లి పోయిన తీట్టుతో కుంచె ముట్టగూడదు" అన్నాడు పెద్దమేస్త్రి. మైలని అక్కడివాళ్ళు తీట్టు అంటారు. "ఇంకొకడు తెరిస్తే ముఖం చెడిపోతాది. అయితే ఒకటుండాది సురేంద్రా. తీట్టు చెవిలో పడితేనే తీట్టు. వినని చావుకి మైల లేదు. ఇది నేను పుట్టించిన మాట గాదు, పెద్దలు చెప్పిందే. కన్ను తెరిచిందాకా వాని చెవిలో పడనియ్యొద్దు."

పెద్దలు చెప్పిన మాటే, కాదనలేం. దూరదేశంలో ఉన్నవాడికి కబురు అందిన నాటినుంచే మైల పట్టమన్నారు. వాళ్ళు ఆ మాట జాలిపడి చెప్పారు. పెద్దమేస్త్రికి పని గడవడానికి పనికొచ్చింది.

సురేంద్రన్ గదికి తిరిగి వచ్చేసరికి పాపన్ అన్నం వండుతున్నాడు. "ఎవురు బావా ఫోను?"

"మీ అక్క."

"అమ్మ రాలేదా అంగడికి?"

సురేంద్రన్ చొక్కా విప్పి మేకుకి తగిలించాడు. "మోకాళ్ళ నొప్పంట. నడవలేక ఉండాదంట" అన్నాడు. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. ఇది ఎంత బాగా అతికిందంటే ఆ తర్వాత పీకినా ఊడిరాలేదు. అమ్మ అంగడిదాకా నడవలేదు కాబట్టి పాపన్ మళ్ళీ ఫోను చేద్దామని కూడా అనలేదు. మోకాళ్ళకి మందు ఏం కొనాలా అని మాత్రం ఆ రోజంతా అడిగాడు.

*

రైలు కాట్పాడి దాటింది. ఎదురుగా తమలపాకుల గంప ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ముసలామె పాపన్ కొత్త చొక్కానీ, పెట్టెకి కట్టిన విమానం చీటీనీ చూసి, "ఏ దేశం నాయనా?" అంది. అడగడమే తడవు. పాపన్ సగం వలిచిన కాయలు చేతిలోనే పెట్టుకుని మొదలుపెట్టాడు.

"ఆక్లాండు వదిలెయ్ అవ్వా, అది మద్రాసు మాదిరే. రొటొరువా అని ఇంకో ఊరుండాది. పని ముగింపుకొచ్చిందని గుడి కమిటీ వాళ్ళు ఒక పొద్దు వ్యానులో తీసకపోయినారు. చెరువు గట్టున ఊరు. చెరువంటే మన చెరువు గాదు, సముద్రం మాదిరి ఉండాది. ఊర్లో యాడ చూసినా నేల్లోంచి పొగ. ఇంటెనకాల పొగ, కాలవలో పొగ, రోడ్డు పక్క చెట్ల సందున పొగ."

"అయ్యో, ఊరు కాలిపోతా ఉండాదా ఏమి?"

"లేదవ్వా, ఆవిరి! భూమి లోపల నీళ్ళు మరగతా ఉంటాయి. బురద గూడా ఉడకతాది, సంగటి కుండ మాదిరి బుడుగు బుడుగు మని. మొక్కజొన్న కంకులు సంచిలో కట్టి ఆ నీళ్ళలోకి దించతారు. మనం మాట్లాడతా ఉండగానే ఉడికిపోతాయి. కట్టెల్లేవు, కిరసనాయిలు లేదు."

"మా కోడలు ఆడ పుట్టింటే సరిపోయుండు" అంది ముసలామె. రైలు పెట్టెలో అందరూ నవ్వారు.

"కంపు మాత్రం ఉండాది. కుళ్ళిన కోడిగుడ్డు కంపు. పేర్ణాంబట్టు తోలుషాపుల పక్క బతికినోళ్ళకి అదొక లెక్క గాదులే" అన్నాడు పాపన్. "ఆడుండేది మావోరీలని, ఆ దేశం మొదట్నించీ వాళ్ళదే. వాళ్ళకి ఊరందరూ కూడే ఇల్లొకటి ఉంటాది. ఆ ఇల్లు మనిషేనంట అవ్వా. నడికొప్పు దూలం వెన్నెముకంట, వాసాలు పక్కటెముకలంట. వాళ్ళ తాత ముత్తాతల బొమ్మలు చెక్కి నిలబెట్టినారు. కొయ్యతోనే. కండ్లకి ఏదో గవ్వ పెంకు పొదిగినారు, నీలంగా మెరస్తా ఉండాది. యాడ నిలబడినా మనల్నే చూస్తాది. చెక్కినోడు మామూలోడు గాదు. ఆ చేతులు చూపించండప్పా, మొక్కుకుంటా అంటిని, నగిరి అందరూ."

"ఇంటి లోపలికి పోయినారా?"

పాపన్ చేతిలోని కాయల వంక చూసుకున్నాడు. "లేదవ్వా. ఆ పొద్దు ఆ ఇంట్లో పీనుగ ఉండింది."

సురేంద్రన్ కిటికీ వైపు తిరిగాడు. ఈ మాట ఎప్పటికైనా వస్తుందని అతనికి తెలుసు. ఆ ఊరి గురించి పాపన్ ఎవరికి చెప్పినా ఆఖరికి అక్కడికే వచ్చి ఆగుతాడు.

ఆ రోజు ఆ వాడ గేటు దగ్గర తెల్లజుట్టు ఆడమనిషి ఒకామె వాళ్ళని ఆపింది. తల చుట్టూ పచ్చి ఆకుల దండ కట్టుకుని ఉంది. ఈ పొద్దు ఇంట్లోకి చూపరులని రానివ్వమంది. ఆ ఇంటి పెద్దామె చనిపోయింది. కొడుకు ఆస్ట్రేలియాలో గనిలో పని చేస్తున్నాడు, రేపు వస్తాడు. ఆమె ఇంగ్లీషులో చెప్పేదంతా బాలచంద్రన్ తమిళంలో చెబుతుంటే పాపన్ ముందుకి జరిగి విన్నాడు.

"కొడుకు వచ్చిందాకా ఎత్తరా?"

"ఎత్తరంట. పెట్టె మూత గూడా వెయ్యరంట. రాత్రీ పగలూ ఆడోళ్ళు పక్కనే కూర్చోని మాట్లాడతా ఉంటారంట. ఒక్క నిమిషం గూడా ఒంటరిగా వదలరంట" అన్నాడు బాలచంద్రన్.

పాపన్ చెప్పులు విడిచి గేటు పక్కన నిలబడ్డాడు. అప్పుడే పరామర్శకి ఎవరో గుంపుగా వచ్చారు. ఇంటి ముంగిట నల్ల గౌను వేసుకున్న ముసలామె గొంతెత్తి పిలిచింది. ఊపిరి ఉన్నంత పొడుగునా సాగిన పిలుపు అది. మాట ఒక్కటీ తెలియదు. చావింటి ముందు ఆడవాళ్ళు పాడే ఒప్పారి విన్నవాడికి మాటలు తెలియక్కర్లేదు. పాపన్ కళ్ళవెంట నీళ్ళు కారిపోయాయి.

"ఏమంటా ఉండాది?" అని అడిగాడు.

బాలచంద్రన్ ఆకుల దండ ఆమెని అడిగి చెప్పాడు. వచ్చినవాళ్ళు ఒక్కళ్ళే రారంట. వాళ్ళ ఇళ్ళల్లో చచ్చిపోయినవాళ్ళు కూడా వెనకాలే వస్తారంట. ఆ పిలుపు వాళ్ళకి కూడానంట.

పాపన్ ముఖం తుడుచుకుని కొంచెం నవ్వాడు. "అట్లయితే నా ఎనకాల మా నాయన ఒక్కడే వచ్చింటాడు. మాయమ్మ ఇంటికాడ మోకాళ్ళు పట్టుకోని కూర్చోనుండాది" అన్నాడు.

సురేంద్రన్ ఆ క్షణంలో చెప్పి ఉండొచ్చు. పరాయి ఊరైనా ఏడవడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. ఆ ఆడవాళ్ళు పాపన్‌ని పట్టుకుని ఏడ్చేవాళ్ళు, వాళ్ళకి అది చేతనవును. నోరు తెరిచాడు కూడా. వెనకనుంచి పెద్దమేస్త్రి దగ్గాడు. తెరిచిన నోరు మూసుకున్నాడు.

వ్యాను ఎక్కుతూ పాపన్, "చూస్తివా బావా? మనూర్లో పొద్దు గూకేలోపల కాల్చేసి చేతులు కడుక్కుంటారు. వీళ్ళ పద్ధతే మేలు. పోయినాక జయరామన్‌కి చెప్పి పెట్టల్ల. మాయమ్మకి ఏమన్నా అయితే నేను యాడున్నా సరే, వచ్చిందాకా ఐసులో పెట్టండని" అన్నాడు. అప్పటికే గుడియాత్తంలో, కౌండిన్య ఏటి ఇసకలో, పంకజమ్మ బూడిద చల్లారిపోయింది.

పాపన్ ఆ ఊరి అంగడిలో ఉడుకు బురద డబ్బా ఒకటి కొన్నాడు. కీళ్ళనొప్పులకి పట్టు వేస్తే లాగేస్తుందని అమ్మే పిల్ల చెప్పింది. తల్లికోసం.

మర్నాడు తెల్లవారుజామున గోపురమెక్కి అమ్మవారికి కన్ను తెరిచాడు. కొత్తగా తెరుచుకున్న చూపు మొదట మనిషి మీద పడకూడదు కాబట్టి ఎదురుగా ఒకరు అద్దం పట్టుకోవాలి. ఎప్పటిలాగే అద్దం సురేంద్రన్ పట్టుకున్నాడు. దిగి వచ్చాక పాపన్, "బావా, ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదు. నాకు భయమేసింది" అన్నాడు.

ఆ సాయంత్రమే చెప్పి ఉంటే పదహారో నాటి కర్మకైనా అందుకునేవాడు. కుంభాభిషేకం కానీ అన్నాడు పెద్దమేస్త్రి. అది అయ్యాక ప్రహరీ గోడకి రంగుల పని మిగిలిందన్నాడు. ఆలస్యం అమృతం విషం అని ఊరికే అనలేదు. పదహారో రోజు దాటిపోయాక ఇంక చెప్పి ఏం లాభమని సురేంద్రన్ తనకి తానే చెప్పుకున్నాడు. నిజం ఏమిటంటే అతనికి భయం. పాపన్ ముఖం చూడటానికి భయం.

*

"ఇదో అవ్వా, ఆ ఊరి బురద." పాపన్ సంచిలోనుంచి డబ్బా తీసి ముసలామె ముక్కు దగ్గర పెట్టాడు. ఆమె వాసన చూసి మొహం చిట్లించుకుని, మళ్ళీ నవ్వి, "ఇట్లాంటి కొడుకుని కన్నాది, మీయమ్మ పుణ్యం చేసుకున్నాది" అంది.

లత్తేరి వచ్చింది. రైలు ఆగుతుండగా ప్లాట్‌ఫారం మీద వీరప్ప కనిపించాడు.

వీరప్ప గుడియాత్తంలో సున్నం అంగడివాడు. నోట్లో నువ్వుగింజ నానదు. పంకజమ్మ పాడె మోసిన నలుగురిలో ఒకడు. కిటికీలో పాపన్‌ని చూశాడు. చూసి ముఖం ఎట్లా పెట్టాలో అట్లా పెట్టుకుని, చెయ్యెత్తి, ఆ పెట్టె వైపే రాసాగాడు.

ఇంక సురేంద్రన్ ఆగలేకపోయాడు. రెండు నెలలు రాని ధైర్యం వీరప్ప భయంతో వచ్చింది. దాన్ని ధైర్యమనడం కూడా తప్పే. పాపన్ మణికట్టు పట్టుకున్నాడు.

"పాపన్, అమ్మ లేదప్పా."

"యాడికి పోయింది?" అన్నాడు పాపన్. అక్క ఇంటికి పోయిందేమో అన్నట్టే అడిగాడు.

"పోయిందప్పా. మనల్ని ఇడిసిపెట్టి పోయింది. రెండు నెలలవతా ఉండాది."

ముసలామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పాపన్ ఒళ్ళో పడిన వేరుశనగ తొక్కలు ఒక్కొక్కటీ ఏరి కిటికీలోంచి పారేశాడు. బురద డబ్బా మూత బిగించి సంచిలో పెట్టాడు. లేచి రైలు దిగాడు. ఎదురొచ్చిన వీరప్పని దాటుకుని ప్లాట్‌ఫారం చివరి కొళాయి కింద, కొత్త చొక్కాతో, ప్యాంటుతో, చెప్పులతో కూర్చుని తిప్పాడు. చావు కబురు వింటే కట్టుబట్టలతో తల మీద నీళ్ళు పోసుకోవాలి. తల్లి కోసం అతను చెయ్యగలిగింది అదొక్కటే మిగిలింది, అదే చేశాడు.

"అయ్యయ్యో, ఇప్పుడా చెప్పినావు!" అన్నాడు వీరప్ప. కూత పడింది. వీరప్ప సాయంతో సురేంద్రన్ పెట్టెలూ సంచీ కిందికి లాగేసరికి రైలు కదిలింది. ఆ రైల్లోనే వీరప్ప కూడా పోయాడు. తలుపు దగ్గర నిలబడి వంగి వంగి చూస్తూ పోయాడు.

పాపన్ నీళ్ళోడుతూ వచ్చి బెంచీ పక్కన నిలబడ్డాడు. "ఎప్పుడు?"

"ఆ ఆవిరి ఊరికి పోయే ముందునాడు."

"కొరివి ఎవురు పెట్టినారు?"

"విఘ్నేష్. మా వాడు."

"చిన్నపిల్లోడు గదా. భయపడినాడా?"

సురేంద్రన్ ఏడ్చేశాడు. "నన్ను కొట్టు పాపన్. చెప్పుతో కొట్టు."

పాపన్ కొట్టలేదు. సంచిలోనుంచి డబ్బా తీసి బెంచీ మీద పెట్టాడు. "మోకాళ్ళ నొప్పన్నావు గదా. నువ్వే పూసుకో" అన్నాడు. సంచి మూతి బిగిస్తూ, "కన్ను తెరిచేటప్పుడు నీకు తెలుసు" అన్నాడు.

సురేంద్రన్‌కి ఇన్నాళ్ళూ గుండెలో దాచుకున్న ఒకే ఒక మంచి మాట అప్పుడు గుర్తొచ్చింది. కళ్ళు తుడుచుకుని గబగబా చెప్పాడు. "నీకు తీట్టు లేదు పాపన్! చెవిలో పడితేనే తీట్టు. నీ చెవిలో పడనియ్యలేదు నేను. నీ చెయ్యి శుద్ధం. అమ్మవారికి ఏ దోషమూ లేదు. దానికోసమే గదా ఇంత పాపం మోసింది!"

పాపన్ అతని వంక చూశాడు. కోపం లేదు ఆ చూపులో, కోపమైతే బాగుండేది.

"నా చెవిలో పడలేదు. నీ చెవిలో పడింది గదా బావా."

సురేంద్రన్‌కి అర్థం కాలేదు.

"పోయింది నీకు అత్త. విన్నాక తల మీద నీళ్ళు పోసుకున్నావా?"

పోసుకోలేదు. ఎట్లా పోసుకుంటాడు? నడిమధ్యాన్నం కట్టుబట్టలతో తడిసి గదికి వస్తే పాపన్ ఎందుకని అడగడా? ఆ భయంతోనే పోసుకోలేదు. రోజూ చేసే స్నానాలు చేశాడు గాని, అది వేరు, ఇది వేరు. పాపన్ చెవిని కాపాడటంలో తన చెవి సంగతే మరిచిపోయాడు. పెద్దమేస్త్రీ మరిచిపోయాడు.

"అద్దం ఎవురు పట్టుకున్నారు?" అన్నాడు పాపన్.

సురేంద్రన్ తన రెండు చేతులూ చూసుకున్నాడు.

"ఆయమ్మ కన్ను తెరిచి మొదట చూసింది నీ చేతిలో అద్దాన్నే. అంత బాగా కుదిరింది ఆ కన్ను. మల్ల ఆడికి పోయి నేను దాన్ని మూయలేను బావా. ఈడ అమ్మ కండ్లు మూసేదానికి రాలేదు, ఆడ తెరిచిన కండ్లు ఇట్లయినాయి. ఇంక ఈ చేత్తో ఏ కన్నూ తెరవను."

సంచి భుజానికి తగిలించుకున్నాడు. సురేంద్రన్ పెట్టె ఎత్తబోతే, "నువ్వు నా ఎనకాల రావద్దు" అన్నాడు. అరవలేదు. మామూలుగానే అన్నాడు. పట్టాల పక్కన కంకర మీద గుడియాత్తం వైపు నడిచిపోయాడు. చొక్కా అంచునుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. అతని కోసం ఎవరూ ఏమీ ఆపి ఉంచని ఇంటికి పోతున్నాడు.

కనుచూపు దాటేదాకా సురేంద్రన్ నిలబడ్డాడు. తర్వాత పెట్టెలు అక్కడే వదిలేసి ప్లాట్‌ఫారం చివరికి పోయి, కట్టుబట్టలతో కొళాయి కింద కూర్చుని తిప్పాడు. కొళాయి గుర్రుమని గాలి వదిలింది. నాలుగు చుక్కలు రాలి ఆగిపోయింది.

ఊడుస్తున్న ఆడమనిషి చీపురు ఆపి, "ఇంక రాదు సామీ. రేప్పొద్దున్నే వదిలేది" అంది.

సరేనన్నట్టు తలూపాడు. లేవకుండా ఆ కొళాయి కింద తల వంచుకుని కూర్చున్నాడు.